ఫోను ఆమెకు చేయండి

పోస్టు పొడుగ్గా ఉంది, కొందరికి కోపం కూడా తెప్పిస్తుంది. అయినా చివరిదాకా చదవండి. ఇది రాస్తున్నది ఒక్కరు కాదు. కుడతినిలో కూర్చుని నాలుగైదు సాయంత్రాలు మాట్లాడుకుని, వాదించుకుని, ఒక మాటకు వచ్చిన కొందరు సభ్యులం. కాబట్టి ‘మేము’ అనే రాస్తున్నాం. ఇందులో తప్పు పట్టాల్సిన వాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి ‘మనం’ అని కూడా రాస్తాం.

మొన్న ఉగాది కార్యక్రమం అందరికీ గుర్తుందిగా. పక్క ఊరి గ్రామ పంచాయతీ అధ్యక్షురాలిని పిలిచాం. మన తెలుగు ఆడపడుచు, ఆలూరు వైపు నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చిన మనిషి, పిలవడం మంచిదే. ఎలా పిలిచామో చూడండి. ఫోను చేసింది ఆమె భర్తకు. ఆమె నంబరు మన దగ్గర లేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. ఫ్లెక్సీలో ఆయన ఫోటో పెద్దది, ఆమెది తపాలా బిళ్లంత. వేదిక మీద కుర్చీ ఆయనకు, శాలువా ఆయనకు, రెండు మాటలు మాట్లాడమని మైకు ఆయనకు. ఆమె ఆడవాళ్ల వరసలో మూడో బెంచీలో కూర్చుని చప్పట్లు కొట్టింది. ఎవరికి? తన పదవికి.

ఉగాది పచ్చడి పంచేటప్పుడు మాలో ఒకామె పక్కన కూర్చుని మాట కలిపింది. అప్పుడు ఆమె అన్న మాట ఇది: “అక్కా, నేను బి.ఏ. చదివినదాన్ని. తెలుగు మీడియం. ఈడికొచ్చినాక నన్ను వేలిముద్రదాన్ని చేసినారు. నోటీసు కన్నడంలో వస్తాది. ఏముందో ఆయప్ప చెప్తాడు, యాడ సంతకం పెట్టాలో ఆయప్పే చూపిస్తాడు.”

ఆ మాట విన్నాక మాకు శాలువా విషయం చిన్నదైపోయింది. మన సరిహద్దు జిల్లాలో ఆడవాళ్ల నాయకత్వం ఎక్కడ ఆగిపోతోందో ఆమె ఒక్క ముక్కలో చెప్పింది. సభల్లో మనం మాట్లాడుకునేవి వేరు. ధైర్యం లేదంటాం, ఇష్టం లేదంటాం, మన కట్టుబాట్లు అంటాం. ఆమె చెప్పింది కాగితం గురించి. ముందుకొచ్చిన కాగితాన్ని తానే చదవగలిగితే ఆ సంతకం ఆమెది. చదవలేకపోతే, చదివి చెప్పినవాడిది.

గ్రామ పంచాయతీలో ఈ సంతకం ఊరికే పోయేది కాదు. డబ్బు కదలాలంటే అధ్యక్షురాలి సంతకం, పి.డి.ఓ. సంతకం రెండూ ఉండాలి. మన కుడతిని ఇప్పుడు పట్టణ పంచాయతీ. ఇక్కడ రోజువారీ పాలన ముఖ్యాధికారి చేతిలో ఉంటుంది. వార్డు సదస్యురాలికి చెక్కు రాసే పని లేదు. ఆమె బలమంతా సభలోనే. సభా సూచన ముందుగా చదవడం, క్రియా యోజనెలో తన వార్డు ఉందో లేదో చూడడం, నడావళిలో తను అన్న మాట ఎక్కిందో లేదో సరిచూడడం. మూడూ చదువుతో ముడిపడినవే, మూడూ కన్నడంలో ఉండేవే. ఉండాల్సిందే కూడా, ఇది కర్ణాటక. దాని మీద మాకు ఏ తగాదా లేదు. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది, ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలో ఉండిపోయాయి. గీత అలా పడింది. పెళ్లిళ్లు మాత్రం గీతకు ఇటూ అటూ ఆగలేదు. అటు నుంచి కోడళ్లు వస్తూనే ఉన్నారు, ఇటు నుంచి ఆడపిల్లలు పోతూనే ఉన్నారు. ఏ ఇల్లు చూసినా రెండు భాషలూ వినిపిస్తాయి. మాట్లాడటం అందరికీ వచ్చు. బస్టాండులో, సంతలో, ఆసుపత్రిలో మన కోడళ్లు కన్నడం దంచేస్తారు. చదవడమే రాదు, ఎవరూ నేర్పలేదు కాబట్టి.

తెలుగు లిపికీ కన్నడ లిపికీ దూరమెంత? ఒకే తల్లి పిల్లలు. తలకట్టు దగ్గర తేడా, క, త, శ లాంటి కొన్ని అక్షరాలు వేరు, మిగతావి మొహం చూసి గుర్తుపట్టొచ్చు. తెలుగు బాగా చదివే మనిషికి ఒక నెల, మహా అయితే రెండు నెలలు. బళ్ళారి వాళ్లకు ఇంకో సంగతి గుర్తు చేస్తాం. 1999లో సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ ఇక్కడ పోటీ పడ్డారు. హర్యానాలో పుట్టిన సుష్మా స్వరాజ్ ఆ కొద్ది వారాల ప్రచారంలోనే కన్నడం నేర్చుకుని సభల్లో మాట్లాడింది. ఓడిపోయింది, సోనియా 56 వేల పైచిలుకు ఓట్లతో గెలిచింది. అయినా సుష్మా ఆ తర్వాత ఏళ్ల తరబడి శ్రావణంలో వరమహాలక్ష్మి పూజకు బళ్ళారి వచ్చేది. మనవాళ్లు ఆ పూజ ఫోటోలు ఇప్పటికీ పంచుకుంటారు, ఆమె కన్నడం గురించి ముచ్చటగా చెప్పుకుంటారు. ఢిల్లీ నుంచి వచ్చిన ఆమెకు వారాల్లో సాధ్యమైంది, ఇరవై ఏళ్లుగా మన వీధిలో ఉంటున్న కోడలికి సాధ్యం కాదా? ఆమె వెనక పార్టీ ఉంది, నేర్పేవాళ్లు ఉన్నారు, నేర్చుకోవాల్సిన అవసరం ఉందని అందరూ ఒప్పుకున్నారు. మన కోడలి వెనక ఎవరున్నారు? మన సంఘం ఉందనుకున్నాం. మనం ఏటా ముగ్గుల పోటీ పెట్టి స్టీలు డబ్బాలు ఇస్తున్నాం.

ముగ్గుల మీద మాకు కోపం లేదు. కానీ ఆడవాళ్ల కోసం సంఘం ఖర్చు పెట్టేది దానికొక్కదానికే అయితే కోపం ఉంది.

చట్టం వైపు నుంచి చూస్తే కర్ణాటక వెనకబడ్డ రాష్ట్రం కాదు. దేశమంతటికీ 73వ, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమల్లోకి వచ్చాయి, ఆడవాళ్లకు కనీసం మూడో వంతు స్థానాలు అప్పుడు దక్కాయి. అంతకు పదేళ్ల ముందే, 1983 చట్టంలోనే, కర్ణాటక మండల పంచాయతీల్లో, జిల్లా పరిషత్తుల్లో నాలుగో వంతు స్థానాలు ఆడవాళ్లకు ఇచ్చింది. 1987లో దాని ప్రకారం ఎన్నికలు జరిగాయి. ఆ చట్టం వెనకున్న మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్. ఊరూరా బోర్లు వేయించాడని జనం ఆయన్ను ‘నీర్ సాబ్’ అని పిలిచారు, మన పెద్దవాళ్లకు గుర్తుంటుంది. పంచాయతీల్లో వాటా సగానికి పెరిగింది 2010లో. పక్కన ఆంధ్రప్రదేశ్ కూడా 2011లో సగం చేసింది. అంటే కుర్చీ దొరికి ఒక తరం దాటింది. 1987లో గెలిచిన ఆడవాళ్ల మనవరాళ్లు ఇప్పుడు ఓటర్లు.

మరి ఇంకా 2023లో సుప్రీంకోర్టు దాకా ‘సర్పంచ్ పతి’ పంచాయితీ ఎందుకు వెళ్లింది? కేంద్రం దాని మీద కమిటీ ఎందుకు వేయాల్సి వచ్చింది? ఆ కమిటీ 2025లో ఇచ్చిన నివేదికలో, భార్య స్థానంలో పెత్తనం చేసే మగవాళ్లకు గట్టి శిక్షలుండాలని చెప్పింది. ఉండాలి. కానీ శిక్ష వేస్తే ఏం జరుగుతుంది? ఆయన సభ గది బయట నిలబడతాడు. ఆమె లోపలికి వెళ్తుంది. కాగితం ముందు పెడతారు. ఆమె ఫోటో తీసి వాట్సాప్‌లో బయటికి పంపుతుంది. ఆయన చదివి ‘పెట్టు’ అని జవాబిస్తాడు. ఆయన్ను బయటికి పంపినంత మాత్రాన ఆమె లోపల ఉన్నట్టు కాదు.

ఇంకో సంగతి. గెలిచిన ఆడవాళ్లకు పని నేర్చుకునే కాలమే ప్రభుత్వాలు మిగల్చడం లేదు. 2018లో ఎన్నికలు జరిగిన చాలా పట్టణ సంస్థల్లో అధ్యక్ష పదవుల రిజర్వేషన్ జాబితా కోర్టుల్లో నలిగి, 2020 చివరిదాకా సదస్యులు ఉత్త చేతులతో కూర్చున్నారు. జిల్లా, తాలూకా పంచాయతీల గడువు 2021లో ముగిస్తే ఏళ్ల తరబడి ఎన్నికలే పెట్టలేదు. పట్టణ సంస్థల్లో అధ్యక్ష పదవి ముప్పై నెలలే. అందులో మొదటి ఏడాది అర్థం చేసుకోవడానికే పోతే, తర్వాతిసారి ఆ స్థానం ఇంకో వర్గానికి వెళ్లిపోతుంది. ఆమె ఇంటికి, ఆమె నేర్చుకున్నది ఆమెతోనే. అందుకే మేమనేది: నేర్చుకోవడం గెలిచాక మొదలైతే ఆలస్యమే. అది ముందే జరగాలి. ముందే జరగాలంటే, ప్రభుత్వం కాకుండా ఇంకెవరో చేయాలి.

ఇక్కడ మనవాళ్లు ఒక మాట అంటారు. “బళ్ళారిలో ఆడవాళ్లు పైకి రాలేదా? త్రివేణి మేయర్ కాలేదా?” అయింది. 2023 మార్చిలో, ఇరవై మూడేళ్లకు. మనందరం గర్వపడ్డాం. ఆమె తల్లి కూడా అంతకుముందు మేయరే. శాంత 2009లో ఎంపీ అయ్యారు, ఆమె శ్రీరాములు చెల్లెలు. 2024 నవంబరులో సండూరు ఉపఎన్నికలో గెలిచిన అన్నపూర్ణ, ఖాళీ చేసిన తుకారాం భార్య. ఇదంతా వాళ్లను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. దీంట్లో పాఠం వేరే ఉంది. రాజకీయ కుటుంబంలో ఆడపిల్లకు శిక్షణ ఇంట్లోనే దొరుకుతుంది. కాఫీలు అందిస్తూ వింటుంది. ఏ అధికారి ఏ పని చేస్తాడో, ఏ అర్జీ ఎవరికి రాయాలో, ఎవరు ఎక్కడ అబద్ధం చెప్తారో పదేళ్ల వయసు నుంచే తెలుస్తుంది. అమ్మ మేయరైతే ఇల్లే బడి. మన మామూలు ఇళ్లలో, కూలికి, అంగడికి, ఫ్యాక్టరీ షిఫ్టుకు పోయేవాళ్ల ఇళ్లలో ఆ బడి లేదు. ఆ బడి సంఘం కావాలి. సంఘం ఉన్నది ఇందుకు కాకపోతే ఇంకెందుకు, కార్తీక వనభోజనాలకా?

సంఘాల నుంచి నాయకురాళ్లు పుట్టలేదా? పుట్టారు. మద్రాసులోని తెలుగువాళ్ల మధ్య, 1937లో దుర్గాబాయి ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టింది. అది శాలువాలు కప్పే సభ కాదు, చదువు చెప్పే సభ. దుర్గాబాయి తర్వాత రాజ్యాంగ సభకు వెళ్లింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లకు కూడా మొదట కలుసుకునే చోటు దొరికింది అక్షరాస్యత తరగతుల్లోనే. రాత్రి బడిలో పలక పట్టినవాళ్లు పొద్దున సారా దుకాణం ముందు నిలబడ్డారు. 1995 జనవరికి రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది. తర్వాత నిషేధం ఏమైందో అది వేరే కథ, మగవాళ్ల కథ.

మనకు ఇంకా దగ్గరిది చెప్తాం. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలంలో కాల్వ అనే ఊరు. 1995లో అక్కడ ఫాతిమా బీ సర్పంచ్ అయింది, ఆడవాళ్లకు రిజర్వు అయిన స్థానంలో. ఆ మండలంలో అప్పుడు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో పేదరిక నిర్మూలన కార్యక్రమం నడిచింది. దాని కింద ఆడవాళ్లు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. సంఘంలో కూర్చోవడం, లెక్క చూడటం, అధికారితో ఎదురుగా మాట్లాడటం అన్నీ అక్కడే. 1998లో ఐక్యరాజ్యసమితి పేదరికంపై పోరాటానికి ఇచ్చే పురస్కారం ఆ కాల్వ సర్పంచుకు వచ్చింది. రిజర్వేషన్ ఆమెకు కుర్చీ ఇచ్చింది. కుర్చీ చుట్టూ ఆడవాళ్ల సంఘాలు లేకపోతే ఆ ఊరి పేరు న్యూయార్కు దాకా పోయేదా? కేరళలోనూ ఇంతే. 1998లో కుటుంబశ్రీ మొదలైంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ల గుంపుల్లో లెక్కలు రాసినవాళ్లే తర్వాత వేలమంది స్థానిక ఎన్నికల్లో గెలిచారు.

“సరే, ఆడవాళ్లు వస్తే ఏం మారుతుంది? మగవాడు చేసే పనే కదా” అని మన కార్యవర్గంలోనే ఒక పెద్దాయన అన్నారు. మామా, మీరు అడిగినందుకు చెప్తున్నాం. పశ్చిమ బెంగాల్ బీర్‌భూమ్ జిల్లాలో, రాజస్థాన్ ఉదయపూర్ జిల్లాలో ఎస్తేర్ డఫ్లో, రాఘవేంద్ర చట్టోపాధ్యాయ పంచాయతీలను లెక్కకట్టి చూశారు. 2004లో ప్రచురించారు. అధ్యక్ష పదవి ఆడవాళ్లకు రిజర్వు అయిన చోట తాగునీటి మీద ఎక్కువ పెట్టుబడి పెట్టారు. ఎందుకంటే ఆ ఊళ్ల ఆడవాళ్లు ఎక్కువగా అడిగింది నీళ్లే. 2012లో ఇంకో అధ్యయనం సైన్స్ పత్రికలో వచ్చింది. వరసగా రెండుసార్లు ఆడవాళ్లు అధ్యక్షులుగా ఉన్న బెంగాల్ ఊళ్లలో, చదువులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఉన్న తేడా చెరిగిపోయింది. ఊరి పెద్ద కుర్చీలో ఒక ఆడమనిషిని రోజూ చూడటమే ఆ పిల్లలకూ తల్లిదండ్రులకూ చాలా నేర్పింది. మనం ఉగాది రోజు మన పిల్లలకు చూపించింది ఏంటో ఇప్పుడు చెప్పండి మామా. అధ్యక్షురాలు మూడో బెంచీలో.

కుడతినికి దీనితో ఏం పని అంటారేమో. మన ఊరంత పెద్ద నిర్ణయాలు పడ్డ ఊరు ఈ జిల్లాలో తక్కువ. 1,700 మెగావాట్ల థర్మల్ కేంద్రం మన ముంగిట ఉంది. 2010 ప్రాంతంలో ఉక్కు కర్మాగారాలు వస్తాయని మన చుట్టూ ఊళ్లలో వేల ఎకరాలు తీసుకున్నారు. కర్మాగారాలు రాలేదు. 2022 డిసెంబరు నుంచి భూమి పోయినవాళ్లు ధర్నాకు కూర్చున్నారు. పహణిలో పేరు ఎక్కువగా మగవాళ్లది కాబట్టి నోటీసు వాళ్లకు వచ్చింది, పరిహారం లెక్క వాళ్లతో జరిగింది. పొలంలో కలుపు తీసి, కోత కోసి బతికిన ఆడమనిషి పేరు ఏ కాగితంలోనూ లేదు. పని పోయింది మాత్రం ఆమెకే ముందు. రేపు ఇంకో నోటీసు వస్తుంది, ఇంకో ప్రజాభిప్రాయ సభ పెడతారు. ఆరేసిన బట్టల మీద దుమ్ము, పిల్లల దగ్గు, నల్లి నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయన్నది, వీటన్నిటికీ రోజూ లెక్క పెట్టేది ఎవరో మనకు తెలుసు. ఆమె సభలో లేచి మాట్లాడాలి. తను మాట్లాడింది నడావళిలో రాశారా అని మర్నాడు చదివి చూడాలి.

బళ్ళారి రోడ్డు మీద మన ఊరి దగ్గర బూదికనమ ఉంది కదా, కొత్త రాతియుగం నాటి బూడిద దిబ్బ. పశువుల పేడ కుప్పలు పడి, కాలి కాలి దిబ్బైందని పండితులు తేల్చారు. అది చూడటానికి దేశాల నుంచి వస్తారు. మాలో ఒకామె నవ్వుతూ అంది: “అంత పేడ ఎత్తింది మాత్రం ఎవరో పండితులు చెప్పనక్కర్లేదులే.”

ఇక మన ఆడవాళ్లకు ఇష్టం లేదన్న మాట. ఇది వింటే మాకు ఒళ్లు మండుతుంది. 2000 నుంచి కర్ణాటకలో స్త్రీ శక్తి సంఘాలు నడుస్తున్నాయి. మన వీధుల్లో పొదుపు పుస్తకాలు, వారం వారం కంతులు, బ్యాంకు అప్పు తిరిగి కట్టడం చూసుకునేది ఆడవాళ్లే. ఎవరు ఎగ్గొడతారో, ఎవరికి ఇంకో వారం ఆగాలో వాళ్లకు తెలిసినంత మన కోశాధికారికి తెలియదు (కోశాధికారి గారు క్షమించాలి, కిందటేడు లెక్క ఇంకా ఇవ్వలేదు). లెక్కలు వచ్చు, మనుషుల్ని నడపడం వచ్చు, మాట పడకుండా మాట అనడం వచ్చు. రానిది కన్నడ కాగితం ఒక్కటే. లేనిది, పిలిచేవాళ్లు.

టైం లేదంటారు. నిజమే, లేదు. పొద్దున నీళ్లకు, వంటకు, సాయంత్రం పిల్లలకు. పంచాయతీ సభ రోజు ఇంట్లో అన్నం ఎవరు వండుతారో తేలకుండా నాయకత్వం గురించి ఉపన్యాసాలు ఇవ్వొద్దు. మాలో మగవాళ్లు ఈ ముక్క రాసేటప్పుడు కాస్త గింజుకున్నారు. అయినా ఉంచాం.

సంఘం రాజకీయాలకు అతీతం అన్న వాదనా వస్తుంది. ఎన్నికలప్పుడు ఏ అభ్యర్థి వచ్చినా గజమాల వేసి, కమ్యూనిటీ హాలుకు గ్రాంటు అడిగే సంఘం మనది. అతీతం అప్పుడు గుర్తుకు రాలేదు. మేం ఎవరికీ ఓటు వేయమనడం లేదు. అన్ని పార్టీల ఆడవాళ్లకూ, ఏ పార్టీలో లేనివాళ్లకూ కాగితం చదవడం నేర్పుదాం అంటున్నాం.

మాకు కావాల్సింది ఇది. మన పదిహేనుమంది కార్యవర్గంలో ఒక్క ఆడమనిషి ఉంది, ఆమెకు ఇచ్చింది ‘మహిళా విభాగం’. వచ్చే కార్యవర్గంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. కార్యదర్శి పదవో, కోశాధికారి పదవో, ఈ రెంటిలో ఒకటి తప్పకుండా ఆడవాళ్లకు. ఉపాధ్యక్ష పదవి ఇస్తామని బేరం పెట్టొద్దు, అందులో పని లేదని మనందరికీ తెలుసు. మినిట్సు పుస్తకం రాసే మనిషికి తీర్మానం ఎలా పుడుతుందో తెలుస్తుంది. రశీదు పుస్తకం పట్టుకున్న మనిషికి డబ్బు ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది. పంచాయతీలో కావాల్సింది ఈ రెండే. ఇక మన వేదిక మీదకి ఎన్నికైన ఆడవాళ్లను పిలిస్తే ఫోను ఆమెకు చేయాలి, కుర్చీ ఆమెకు వేయాలి, మైకు ఆమెకు ఇవ్వాలి. భర్త వస్తే సంతోషం, మూడో బెంచీలో మంచి చోటు చూపిస్తాం.

కన్నడం తరగతి మేం మొదలుపెట్టేస్తున్నాం, దీనికి ఎవరి తీర్మానం అక్కర్లేదు. శనివారం, ఆదివారం సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర. రిటైరైన కన్నడ మాస్టారు ఒకరు ఒప్పుకున్నారు, డబ్బు వద్దన్నారు, టీ చాలన్నారు. మొదటి రెండు వారాలు అక్షరాలు. తర్వాత పాఠ్యపుస్తకం పక్కన పెట్టి నేరుగా సభా సూచనలు, నడావళి, ఆయవ్యయ పట్టిక. అనుదాన అంటే గ్రాంటు, ఠరావు అంటే తీర్మానం, ఇలా ఒక్కో మాట పట్టుకుని పోవడమే. పాత నడావళి నకలు కోసం సమాచార హక్కు అర్జీ కూడా తరగతిలోనే రాస్తాం, అర్జీ రాయడం కూడా పాఠమే. పిల్లల్ని తీసుకురావొచ్చు. వాళ్లను చూసుకోవడానికి ఇద్దరు మగ సభ్యులు ఆ గంటన్నర ఉంటామని పేర్లు ఇచ్చారు. ఇంకో ఇద్దరు కావాలి.

ఉగాది రోజు మూడో బెంచీలో కూర్చున్న ఆమెకు నిన్న ఫోను చేశాం. ఈసారి ఆమె నంబరుకే. మొదట భర్త ఎత్తాడు, “ఏం పని, నాకు చెప్పండి” అన్నాడు. ఆమెతోనే పని అన్నాం. కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఆమె లైనులోకి వచ్చింది. శనివారం వస్తానంది, కిందటి సభ నోటీసు వెంట తెస్తానంది.